హాబ్స్‌బర్గుల పెళ్లిళ్లు: కాగితం మీది హక్కు రాజ్యంగా మారిన లెక్క

"యుద్ధాలు వేరేవాళ్లు చేసుకోనీ. ఆస్ట్రియా, అదృష్టమంతా నీదే, నువ్వు పెళ్లిళ్లు చేసుకో." హాబ్స్‌బర్గ్ వంశం గురించి ఎవరు రాసినా ఈ లాటిన్ పద్యపాదం దగ్గరే మొదలుపెడతారు. హంగరీ రాజు మాథియాస్ కోర్వినస్ అన్నాడని చెప్పుకుంటారు కానీ దానికి గట్టి ఆధారం లేదు. ఎవరన్నా ఆ మాట సగమే నిజం. పెళ్లి వల్ల హాబ్స్‌బర్గుల చేతికి వచ్చింది ఒక కాగితం. ఆ కాగితం రాజ్యం కావాలంటే ముందు వరసలో ఉన్న వారసులు చావాలి, అక్కడి సభలు ఒప్పుకోవాలి, ఒప్పుకోనివాళ్ల మీదికి పంపడానికి సైన్యం ఉండాలి, ఆ సైన్యానికి జీతాలివ్వడానికి ఎవరో ఒకరు అప్పు ఇవ్వాలి. నాలుగూ కలిసొచ్చిన చోట రాజ్యం దక్కింది. కలిసిరాని చోట పెళ్లి ఖర్చు మిగిలింది.

వీటిలో మొదటి మూడింటినీ ఒక్కచోట చూడాలంటే పోర్చుగల్ సరిపోతుంది. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ తల్లి ఇసబెల్లా పోర్చుగల్ రాజు మాన్యుయెల్ కూతురు. అదీ అతని హక్కు. 1578 ఆగస్టు 4న పోర్చుగల్ కుర్ర రాజు సెబాస్టియన్ మొరాకోలో అల్కాసర్ కిబీర్ యుద్ధంలో చనిపోయాడు, పిల్లల్లేరు. గద్దెనెక్కిన ముసలి కార్డినల్ హెన్రీ 1580 జనవరిలో పోయాడు. ఆ ఆగస్టులోనే ఆల్బా డ్యూక్ సైన్యం లిస్బన్ పక్కన అల్కాంటరా దగ్గర గెలిచింది. 1581 ఏప్రిల్‌లో తోమార్‌లో కూడిన సభ ఫిలిప్‌ను రాజుగా ఒప్పుకుంది. ఆ ఒప్పుదల 1640 దాకా నిలిచింది, తర్వాత పోయింది. దీన్ని "పెళ్లితో వచ్చిన రాజ్యం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మిగిలిన మూడూ కనబడకుండా పోతాయి.

పెళ్లిళ్లకు ముందు

ఇంటిపేరు ఆస్ట్రియాది కాదు. నేటి స్విట్జర్లాండ్‌లోని ఆర్‌గావ్ ప్రాంతంలో 11వ శతాబ్దంలో కట్టిన ఒక చిన్న కోట పేరు. 1273లో జర్మన్ రాజుగా రుడాల్ఫ్‌ను ఎన్నుకోవడానికి కారణం అతను మరీ బలవంతుడు కాకపోవడమే. ఎన్నుకున్నవాళ్ల అంచనా తప్పింది. 1278 ఆగస్టు 26న మార్చ్‌ఫెల్డ్ మైదానంలో బొహీమియా (నేటి చెక్ ప్రాంతం) రాజు ఒట్టోకర్‌ను ఓడించి చంపి, 1282లో ఆస్ట్రియా, స్టిరియా రెండింటినీ తన కొడుకులకు రాసిచ్చాడు. ఇక్కడ పెళ్లి ఊసే లేదు, నికార్సయిన యుద్ధం. సొంత కోట ఉన్న ఆర్‌గావ్ మాత్రం 1415లో స్విస్ వాళ్ల చేతికి పోయింది. ఇంటిపేరు మిగిలింది, ఇల్లు మిగల్లేదు.

కాగితం విలువ ఈ వంశానికి ఎంత బాగా తెలుసో చెప్పడానికి నాలుగో రుడాల్ఫ్ ఒక్కడు చాలు. 1356లో జర్మన్ రాజ్యాల కూటమి అయిన పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి చక్రవర్తి నాలుగో ఛార్లెస్ 'గోల్డెన్ బుల్' అనే శాసనంతో జర్మన్ రాజును ఎన్నుకునే హక్కు ఏడుగురికే ఇచ్చాడు. ఆ ఏడుగురిలో ఆస్ట్రియా లేదు. రుడాల్ఫ్ ఆ చక్రవర్తికి స్వయానా అల్లుడు. ఉక్రోషం కొద్దీ 1358, 59 ప్రాంతంలో ఐదు పాత రాజపత్రాలు తయారు చేయించాడు. వాటిలో ఒకదాంట్లో ఏకంగా జూలియస్ సీజర్, నీరో ఆస్ట్రియాకు ప్రత్యేక హక్కులు ఇచ్చినట్టు ఉత్తరాలు! మామగారు వాటిని పెట్రార్క్‌కు చూపిస్తే, 1361లో ఆ కవి భాషను చూసే దొంగపత్రాలని తేల్చేశాడు. అయినా 1453లో అదే వంశంలోని మూడో ఫ్రెడరిక్ చక్రవర్తి హోదాలో వాటికి ఆమోదముద్ర వేశాడు. 'ఆర్చ్‌డ్యూక్' అనే బిరుదు చట్టబద్ధంగా వచ్చింది ఆ దొంగపత్రాల మీదుగానే.

ఘెంట్, 1477

అసలు కథ బర్గండీతో మొదలవుతుంది. 1477 జనవరి 5న నాన్సీ దగ్గర బర్గండీ డ్యూక్ ఛార్లెస్ యుద్ధంలో చనిపోయాడు. ఒక్కగానొక్క కూతురు మేరీ. ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ వెంటనే ఆమె భూముల మీద పడ్డాడు. ఇటు ఆమె ఏలుబడిలోని నెదర్లాండ్స్ పట్టణాలు ఇదే అదనని ఫిబ్రవరిలో 'గ్రేట్ ప్రివిలేజ్' అనే హక్కుల పత్రం మీద ఆమె చేత సంతకం పెట్టించుకున్నాయి. ఆగస్టు 19న ఘెంట్‌లో ఆమెకు ఫ్రెడరిక్ కొడుకు మాక్సిమిలియన్‌తో పెళ్లయింది. పెళ్లికొడుక్కి 18 ఏళ్లు.

పెళ్లితో యూరప్‌లోకెల్లా సంపన్నమైన పట్టణాలు అతని చేతికి వచ్చేశాయని చాలామంది అనుకుంటారు. కానీ వారసత్వం మేరీది, ఆమె తర్వాత పిల్లలది. 1482లో మేరీ గుర్రం మీంచి పడి చనిపోయాక మాక్సిమిలియన్ అక్కడ మూడేళ్ల కొడుకు ఫిలిప్‌కు సంరక్షకుడు మాత్రమే. ఆ సంరక్షకుణ్ణి కూడా ఫ్లాండర్స్ పట్టణాలు ఒప్పుకోలేదు. అదే ఏడాది ఆరాస్ సంధిలో అతని కూతురు మార్గరెట్‌ను ఫ్రాన్స్ యువరాజుకు ఇస్తామని మాట ఇచ్చేశారు, కట్నంగా ఆర్త్వా, ఫ్రాంష్-కోంతే ప్రాంతాలు. పెళ్లికూతురికి అప్పటికి మూడేళ్లు నిండలేదు. 1488లో బ్రూజ్ పౌరులు మాక్సిమిలియన్‌నే పట్టుకుని ఫిబ్రవరి నుంచి మే దాకా బంధించి ఉంచారు. అప్పటికే అతను జర్మన్ రాజుగా ఎన్నికై రెండేళ్లయింది.

ఈలోగా అతను ఇంకో పెళ్లికి ప్రయత్నించాడు. 1490 డిసెంబరులో బ్రిటనీ వారసురాలు ఆన్‌తో, వరుడు లేకుండానే ప్రతినిధి ద్వారా జరిగిన పెళ్లి అది. పెళ్లి పూర్తయిందని చూపడానికి ఆ ప్రతినిధి ఒక కాలిని బట్ట లేకుండా పెళ్లికూతురి పడక మీద ఉంచాడు. ఏడాది తిరిగేసరికి ఫ్రాన్స్ రాజు ఎనిమిదో ఛార్లెస్ రెన్ పట్టణాన్ని ముట్టడించి ఆన్‌ను తనే పెళ్లి చేసుకున్నాడు. ఈ ఛార్లెసే ఇందాకటి యువరాజు, మార్గరెట్‌కు కాబోయే భర్త. మాక్సిమిలియన్ పెళ్లాన్నీ అల్లుణ్ణీ ఒకే దెబ్బకు పోగొట్టుకున్నాడు. చిత్రంగా నష్టం పూర్తిగా నష్టం కాలేదు. పెళ్లి తప్పింది కాబట్టి కట్నం తిరిగి ఇవ్వాల్సిందే. 1493లో సెన్లీ సంధితో ఆర్త్వా, ఫ్రాంష్-కోంతే వెనక్కి వచ్చాయి, మార్గరెట్ కూడా ఇంటికి వచ్చింది.

రెండు కుండమార్పిళ్లు

యూరప్ చరిత్రకారులు 'డబుల్ మ్యారేజ్' అని రాసేదానికి మన భాషలో చక్కని మాట ఉంది: కుండమార్పిడి. ఇటు అన్నాచెల్లెళ్లు, అటు అన్నాచెల్లెళ్లు. హాబ్స్‌బర్గులు చేసిన కుండమార్పిళ్లలో రెండు గొప్పగా పండాయి.

మొదటిది స్పెయిన్‌తో. 1496లో ఫిలిప్‌కు కాస్టీల్, ఆరగాన్ దంపతుల కూతురు హువానా. 1497 ఏప్రిల్‌లో మార్గరెట్‌కు వాళ్ల ఒక్కగానొక్క కొడుకు హువాన్. ఇది స్పెయిన్ కోసం వేసిన ఎత్తు అని తర్వాత వచ్చినవాళ్లు రాశారు కానీ, ఒప్పందం రోజున ఎవరి లెక్కా అది కాదు. ఫ్రాన్స్‌ను రెండువైపుల నుంచీ బిగించడమే ఉద్దేశం. హువానాకు ముందు వరసలో అన్న ఉన్నాడు, పెద్దక్క ఇసబెల్లా ఉంది, వాళ్ల పిల్లలూ రావచ్చు.

తర్వాత చావులు వరస కట్టాయి. పెళ్లయిన ఆరు నెలలకే, 1497 అక్టోబరులో, హువాన్ పోయాడు. మార్గరెట్ కడుపులోని బిడ్డ దక్కలేదు. 1498లో ఇసబెల్లా పురిట్లో పోయింది. ఆమె కొడుకు మిగెల్ బతికుంటే కాస్టీల్, ఆరగాన్, పోర్చుగల్ మూడూ ఒక్కడికే దక్కేవి. 1500 జులైలో రెండేళ్లు నిండకుండానే పోయాడు. అదే ఏడాది ఫిబ్రవరి 24న ఘెంట్‌లో హువానాకు పుట్టిన కొడుకే ఛార్లెస్.

ఇక్కడితో అయిపోలేదు. హువానా తల్లి ఇసబెల్లా రాణి 1504లో చనిపోయాక ఆరగాన్ రాజు ఫెర్డినాండ్ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. 1509 మే 3న కొడుకు పుట్టాడు. ఆ పసివాడు కొన్ని గంటలే బతికాడు. బతికి ఉంటే ఆరగాన్, నేపుల్స్, సిసిలీ అతనివి. ఛార్లెస్‌కు కాస్టీల్ ఒక్కటే. 'స్పెయిన్' అని ఇవాళ మనం అంటున్న దేశం ఆ కొన్ని గంటల మీద ఆధారపడి ఉంది.

రెండో కుండమార్పిడి ఇంకా వింతైంది. 1515 జులై 22, వియన్నాలో సెయింట్ స్టీఫెన్ చర్చి. హంగరీ, బొహీమియాల రాజు వ్లాదిస్లావ్ కొడుకు లూయీకి మాక్సిమిలియన్ మనవరాలు మేరీ. ఇద్దరికీ తొమ్మిదేళ్లు. వ్లాదిస్లావ్ కూతురు ఆనాకు పన్నెండేళ్లు నిండడానికి ఒక్క రోజు తక్కువ. ఆమె వరుడు ఎవరో ఆ రోజుకు తేలలేదు. మనవలు ఛార్లెస్, ఫెర్డినాండ్‌లలో ఒకరు. వాళ్ల తరఫున పీటల మీద కూర్చున్నది 56 ఏళ్ల తాత మాక్సిమిలియనే. ఏడాదిలోగా మనవల్లో ఎవరూ ఖాయం కాకపోతే పిల్లను తనే చేసుకుంటానని పూచీ ఇచ్చాడు. చివరికి వరుడు ఫెర్డినాండ్. 1521లో లిన్జ్‌లో వాళ్లిద్దరూ ఒకటయ్యారు.

ఈ ఒప్పందం రెండువైపులా పదునున్న కత్తి. హాబ్స్‌బర్గ్ కుర్రాళ్లిద్దరూ పిల్లల్లేకుండా పోయి ఉంటే లాభం లూయీ, మేరీల సంతానానిది. జరిగింది మరోలా. 1526 ఆగస్టు 29న మొహాచ్ దగ్గర ఒట్టోమన్ (టర్కీ) సైన్యం చేతిలో హంగరీ చిత్తుగా ఓడింది. ఇరవై ఏళ్ల లూయీ పారిపోతూ వాగులో మునిగి చచ్చాడు. సంతానం లేదు.

కాగితం అప్పుడు బయటికొచ్చింది. బొహీమియా సభ ఆనా వారసత్వాన్ని పట్టించుకోలేదు. రాజును ఎన్నుకునే హక్కు మాది అంటూ అక్టోబరులో ఫెర్డినాండ్‌ను 'ఎన్నుకుంది'. హంగరీలో ఇంకా చిక్కు. పరాయివాణ్ణి రాజుగా ఎన్నుకోకూడదని అక్కడి ప్రభువులు 1505లోనే తీర్మానం చేసుకున్నారు. నవంబరులో ఒక వర్గం యానోష్ జాపోల్యాను రాజును చేసింది, డిసెంబరు 17న ఇంకో వర్గం ప్రెస్‌బర్గ్‌లో (నేటి బ్రాటిస్లావా) ఫెర్డినాండ్‌ను ఎన్నుకుంది. 1541లో రాజధాని బుడా ఒట్టోమన్ల చేతికి పోయి హంగరీ మూడు ముక్కలైంది. బుడాను తిరిగి పట్టుకున్నది 1686లో. హంగరీ సభ హాబ్స్‌బర్గ్ మగ సంతతిని వంశపారంపర్య రాజులుగా ఒప్పుకున్నది 1687లో. పెళ్లినాటి హక్కు స్థిరపడడానికి 172 ఏళ్లు పట్టింది, ఆ మధ్యలో యుద్ధం పూర్తిగా ఆగిన రోజులు తక్కువ. "యుద్ధాలు వేరేవాళ్లు చేసుకోనీ" అన్న కవి హంగరీ సరిహద్దు కోటల్లో ఒక్క శీతాకాలం గడిపి ఉండడు.

ఎనిమిదిన్నర లక్షల ఫ్లోరిన్లు

చక్రవర్తి పదవి పెళ్లితో వచ్చేది కాదు, ఓట్లతో వచ్చేది. 1519 జనవరి 12న మాక్సిమిలియన్ చనిపోయే నాటికి మనవడు ఛార్లెస్ పేరు ఖరారు కాలేదు. పోటీలో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ ఉన్నాడు, డబ్బూ ఉంది. ఓట్లు ఏడు: మైన్జ్, కొలోన్, ట్రియర్ ఆర్చ్‌బిషప్పులు, బొహీమియా రాజు, పాలటినేట్, శాక్సనీ, బ్రాండెన్‌బర్గ్ పాలకులు.

ఛార్లెస్ పక్షం ఖర్చు చేసింది దాదాపు 8,52,000 ఫ్లోరిన్లు. ఇందులో ఆగ్స్‌బర్గ్ వ్యాపారి యాకోబ్ ఫుగ్గర్ ఒక్కడే దగ్గర దగ్గర 5,44,000 సర్దాడు. వెల్సర్ కుటుంబం 1,43,000. మిగతాది ఇటలీ బ్యాంకర్లది. జూన్ 28న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏడు ఓట్లూ ఛార్లెస్‌కే పడ్డాయి. వ్యాపారులకు నమ్మకం కుదిరింది పెళ్లిళ్లను చూసి కాదు, తాకట్టును చూసి. టిరోల్‌లో ష్వాజ్ గనుల వెండి, రాగి ఉన్నాయి. వాటి మీద ఫుగ్గర్లు మాక్సిమిలియన్ కాలం నుంచే అప్పులిస్తున్నారు. బాకీ ఆలస్యమయ్యేసరికి 1523లో ఫుగ్గర్ ఛార్లెస్‌కు ఉత్తరం రాశాడు: నా సాయం లేకపోతే తమకు రోమన్ కిరీటం వచ్చేది కాదు అన్నది దాని సారాంశం. చక్రవర్తికి ఒక వ్యాపారి అలా రాయగలగడం, రాసి క్షేమంగా ఉండడం, రెండూ గమనించాల్సినవే. తర్వాత స్పెయిన్‌లో మూడు సైనిక మత సంఘాల భూముల ఆదాయం ఫుగ్గర్లకు కౌలుకు వెళ్లింది, అల్మదేన్ పాదరసం గనులతో సహా.

ఇక్కడ పేర్ల గురించి ఒక హెచ్చరిక. ఈ ఛార్లెస్ స్పెయిన్‌లో మొదటివాడు, సామ్రాజ్యంలో ఐదోవాడు. ఇద్దరు మనుషులు కారు. 1804లో ఆస్ట్రియా సామ్రాజ్యాన్ని ప్రకటించి, 1806 ఆగస్టు 6న పవిత్ర రోమన్ సామ్రాజ్యాన్ని రద్దు చేసిన ఫ్రాన్సిస్ కూడా అంతే: పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో రెండోవాడు, ఆస్ట్రియాలో మొదటివాడు. చిట్టచివరి కార్ల్ ఆస్ట్రియాలో మొదటివాడు, హంగరీలో నాలుగోవాడు. వంశవృక్షాల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ అంకెల దగ్గరే.

ఆస్తి ఒక్కడు మోయలేనంత అయింది. 1521, 22 ఒప్పందాలతో ఆస్ట్రియా భూములు తమ్ముడు ఫెర్డినాండ్‌కు వెళ్లాయి. 1555, 56లో ఛార్లెస్ ఒక్కొక్క పదవీ దిగి నెదర్లాండ్స్, స్పెయిన్ కొడుకు ఫిలిప్‌కు వదిలాడు. వంశం రెండు కొమ్మలైంది.

ఇంట్లోనే ఎందుకు?

పెళ్లి ఒప్పందం అటూ ఇటూ పనిచేస్తుంది. బయటి పిల్లను తెస్తే హక్కు లోపలికి వస్తుంది, ఇంటి పిల్లను బయటికి ఇస్తే హక్కు బయటికి పోతుంది. స్పెయిన్ వచ్చిన దారి చూసినవాళ్లకు అది ఎలా పోగలదో కూడా తెలుసు. దీనికితోడు ప్రొటెస్టెంట్లు విడిపోయిన మతసంస్కరణ తర్వాత హోదాలో సమానమైన కాథలిక్ రాజవంశాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి, వాటిలో ఫ్రాన్స్ శత్రువు. అందుకే మాడ్రిడ్, వియన్నా ఒకదానికొకటి పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్నాయి. నాలుగో తరం లోపు బంధువులు పెళ్లాడకూడదని 1215 నుంచి చర్చి నియమం. కానీ పోప్ మినహాయింపు పత్రం ఇస్తే దారి తెరుచుకుంటుంది.

యూరప్ పత్రాల్లో అందరూ 'కజిన్'లే. మన వరసల్లో పెడితే చిక్కుముడి బాగా విడిపోతుంది. ఐదో ఛార్లెస్, అతని భార్య ఇసబెల్లా అక్కచెల్లెళ్ల పిల్లలు, అంటే మన లెక్కలో అన్నాచెల్లెళ్లే. ఛార్లెస్ కూతురు మరియా, ఫెర్డినాండ్ కొడుకు మాక్సిమిలియన్ అన్నదమ్ముల పిల్లలు, అదీ అంతే. రెండో ఫిలిప్ మొదటి భార్య మరియా మాన్యుయెలా అతనికి మేనమామ కూతురూ, మేనత్త కూతురూ కూడా. రెండో భార్య ఇంగ్లాండ్ రాణి మేరీ. 1554 నాటి ఆ పెళ్లిలో బిడ్డ పుట్టి ఉంటే ఇంగ్లాండ్, నెదర్లాండ్స్ ఒకటయ్యేవి. పుట్టలేదు, 1558లో మేరీ పోయింది, కాగితం చెల్లకుండా పోయింది. నాలుగో భార్య ఆనా స్వయానా చెల్లెలి కూతురు. ఆ మేనమామ, మేనకోడళ్లకు పుట్టినవాడే మూడో ఫిలిప్. ఆస్ట్రియా వైపు కార్ల్ ఆర్చ్‌డ్యూక్ కూడా 1571లో అక్క కూతుర్ని చేసుకున్నాడు. వాళ్ల కూతురు మార్గరెట్ మూడో ఫిలిప్‌కు భార్య.

నాలుగో ఫిలిప్ దగ్గరికి వచ్చేసరికి ముడి బిగిసిపోయింది. అతని చెల్లెలి కూతురు మరియానాను అతని కొడుకు బల్తసార్‌కు అనుకున్నారు. 1646లో ఆ కొడుకు చనిపోతే, 1649లో 44 ఏళ్ల తండ్రే ఆ పద్నాలుగేళ్ల పిల్లను పెళ్లాడాడు. 1661 నవంబరు 6న పుట్టిన రెండో ఛార్లెస్‌కు మరియానా తల్లి, పైగా మేనత్త కూతురు. మూడో ఫిలిప్, మార్గరెట్ అతనికి నాన్న వైపు తాతా నాయనమ్మా. అమ్మ వైపు చూస్తే అమ్మమ్మను కన్నవాళ్లు.

దీన్ని కొలవడానికి అంతఃప్రజనన గుణకం అనేదొకటి ఉంది: ఒకే పూర్వీకుడి జన్యువు బిడ్డకు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండుసార్లు వచ్చే అవకాశం. కట్టే పద్ధతి కష్టం కాదు. తండ్రి నుంచి ఉమ్మడి పూర్వీకుడి దాకా ఎక్కి, అక్కడి నుంచి తల్లి దాకా దిగాలి. దారిలో ఎంతమంది మనుషులున్నారో లెక్కపెట్టి, ఒక్కొక్కరికి ఒకసారి చొప్పున సగాన్ని సగంతో గుణించాలి. మేనమామ, మేనకోడలు విషయంలో దారి: మేనమామ, అతని తండ్రి, అక్క, మేనకోడలు. నలుగురు, కాబట్టి పదహారో వంతు. తల్లి మీదుగా ఇంకో పదహారో వంతు. మొత్తం ఎనిమిదో వంతు, 0.125. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లికి, అన్నదమ్ముల పిల్లల పెళ్లికి దారిలో ఐదుగురు కాబట్టి 0.0625. ఉమ్మడి పూర్వీకుడే దగ్గరి చుట్టరికంలో పుట్టినవాడైతే అతని గుణకానికి ఒకటి కలిపి ఆ దారిని దాంతో గుణించాలి. అందరూ తప్పేది రెండు చోట్ల: ఈ సవరణ మర్చిపోవడం, వెనకటి తరాల్లో దాక్కున్న దారులు వదిలేయడం.

వదిలేస్తే ఎంత తేడా వస్తుందో 2009లో స్పెయిన్ పరిశోధకులు చేసిన లెక్కలో కనిపిస్తుంది. 16 తరాలు, మూడు వేలకు పైగా మనుషుల వంశవృక్షం తీసుకున్నారు. వంశంలో మొదటి స్పెయిన్ రాజుగా లెక్కించే ఫిలిప్‌కు (హువానా భర్త) 0.025. రెండో ఫిలిప్‌కు 0.123, పైపై లెక్క చెప్పే 0.0625కు దాదాపు రెట్టింపు. మూడో ఫిలిప్‌కు 0.218. నాలుగో ఫిలిప్ దగ్గర 0.115కు తగ్గింది, తల్లిదండ్రుల చుట్టరికం కాస్త దూరం కావడంతో. రెండో ఛార్లెస్‌కు 0.254. సొంత అన్నాచెల్లెళ్లకు బిడ్డ పుడితే వచ్చేది 0.25! 1527 నుంచి 1661 దాకా ఈ కొమ్మలో పుట్టిన 34 మంది పిల్లల్లో 10 మంది ఏడాది నిండకుండా, 17 మంది పదేళ్లు నిండకుండా పోయారు. ఛార్లెస్‌కు నాలుగేళ్లకు మాటలు, ఎనిమిదేళ్లకు నడక వచ్చాయి. రెండు పెళ్లిళ్లు చేసుకున్నా పిల్లలు కలగలేదు. అతని జబ్బుకు పిట్యూటరీ హార్మోన్ల లోపం, మూత్రపిండాల లోపం కారణాలై ఉండొచ్చని ఆ పరిశోధకులన్నది ఊహే, నిర్ధారణ కాదు. ముందుకు పొడుచుకొచ్చిన దవడ మీద 2019లో వేరే అధ్యయనం వచ్చింది. 15 మందివి 66 చిత్తరువులు పది మంది శస్త్రవైద్యులకు చూపించి, దవడ తీరుకూ గుణకానికీ పొంతన ఉందని తేల్చారు.

ఇంతా చేసి గుణకంలో రికార్డు ఛార్లెస్‌ది కాదు. అతని అక్క మార్గరీటా తెరెసాను 1666లో మేనమామ లియోపోల్డ్ చక్రవర్తికి ఇచ్చారు. వాళ్ల కూతురు మరియా ఆంటోనియాకు 0.3 దాటింది. ఆమె కొడుకు, బవేరియా యువరాజు యోసెఫ్ ఫెర్డినాండ్‌కు స్పెయిన్ ఇద్దామని పెద్దలు ఒప్పుకునేసరికి 1699 ఫిబ్రవరిలో ఆరేళ్ల ఆ పిల్లవాడూ పోయాడు.

అంత జాగ్రత్త పడ్డా హక్కు బయటికి పోనే పోయింది, అదీ కట్నం దగ్గర. 1659 పిరనీస్ సంధిలో నాలుగో ఫిలిప్ తన కూతురు మరియా తెరెసాను పద్నాలుగో లూయీకి ఇస్తూ, స్పెయిన్ మీద హక్కు వదులుకున్నట్టు ఆమె చేత రాయించుకున్నాడు. ఫ్రెంచివాళ్లు అందులో ఒక మెలిక పెట్టారు: 5,00,000 బంగారు ఎస్కుదోల కట్నం చెల్లిస్తేనే ఆ వదులుకోలు చెల్లుతుంది. స్పెయిన్ ఖజానా ఖాళీ. కట్నం చెల్లించలేదు. 1700 నవంబరు 1న రెండో ఛార్లెస్ చనిపోయేటప్పటికి వీలునామాలో ఉన్న పేరు లూయీ మనవడిది. పన్నెండేళ్లకు పైగా సాగిన యుద్ధం తర్వాత కూడా స్పెయిన్ లూయీ వంశమైన బూర్బన్లకే మిగిలింది. అప్పుడు స్పెయిన్ హాబ్స్‌బర్గులకు వచ్చిన పెళ్లి దారిలోనే ఇప్పుడు ఫ్రాన్స్ రాజవంశానికి పోయింది.

సంతకాల మీద కట్టిన ఇల్లు

1713 ఏప్రిల్ 19న వియన్నాలో ఆస్ట్రియా కొమ్మకు చెందిన చక్రవర్తి ఆరో ఛార్లెస్ 'ప్రాగ్మాటిక్ శాంక్షన్' చదివించాడు: భూములన్నీ విడదీయరానివి, కొడుకు లేకపోతే నా కూతురికి, అన్న కూతుళ్లకు ఆ తర్వాతే. అప్పటికి అతనికి పిల్లలే లేరు. 1716లో పుట్టిన కొడుకు కొన్ని నెలలకే పోయాడు. 1717 మే 13న మరియా తెరెసా పుట్టింది. తర్వాత ఇరవై ఏళ్లు అతను సంతకాలు కొనుక్కుంటూ గడిపాడు. బ్రిటన్ సంతకానికి 1731లో లాభాలు తెచ్చిపెట్టిన ఆస్టెండ్ ఈస్టిండియా కంపెనీని బలిపెట్టాడు. ఆ కంపెనీకి మద్రాసు దగ్గర కోవళంలో కూడా స్థావరం ఉండేది. శాక్సనీ సంతకానికి పోలండ్ గద్దె విషయంలో మద్దతు ఇచ్చాడు. ఫ్రాన్స్ సంతకానికి కాబోయే అల్లుడు ఫ్రాన్సిస్ స్టీఫెన్ తాతతండ్రుల లొరేన్‌ను వదులుకుని బదులుగా టస్కనీ తీసుకోవాల్సి వచ్చింది. ఈ డబ్బు, శ్రమ సైన్యం మీద పెట్టి ఉంటే బావుండేదన్న విమర్శ సబబైందే.

1740 అక్టోబరు 20న ఛార్లెస్ పోయాడు. ప్రష్యా 1728లోనే సంతకం పెట్టి ఉంది. అయినా డిసెంబరులో ఆ కొత్త రాజు ఫ్రెడరిక్ సైలీషియాలోకి దిగాడు. ఛార్లెస్ అన్నకు అల్లుడైన బవేరియా పాలకుడు 1742లో చక్రవర్తి కూడా అయ్యాడు. ఇరవై మూడేళ్ల మరియా తెరెసాను నిలబెట్టింది తండ్రి కూడబెట్టిన సంతకాలు కావు. 1741లో ప్రెస్‌బర్గ్‌లో ఆమెకు కిరీటం పెట్టి సైన్యాన్ని ఇచ్చిన హంగరీ సభ. సైలీషియా మాత్రం తిరిగి రాలేదు. భర్త 1745లో చక్రవర్తి అయ్యాడు, వాళ్ల సంతతితో వంశం పేరు హాబ్స్‌బర్గ్-లొరేన్ అయింది. మగ సంతతి లెక్కన చూస్తే 1740 తర్వాత వచ్చిన వాళ్లంతా లొరేన్ వాళ్లే.

19వ శతాబ్దానికి పెళ్లి రాజ్యాలు తేవడం మానేసింది. దాని పని కంచె కట్టడం అయింది. 1839 నాటి కుటుంబ చట్టం ప్రకారం సమాన హోదా లేని వధువు పిల్లలకు వారసత్వం లేదు. చక్రవర్తి ఫ్రాన్జ్ యోసెఫ్ కొడుకు, యువరాజు రుడాల్ఫ్ 1889లో మేయర్లింగ్‌లో చనిపోయాక వారసత్వం చక్రవర్తి తమ్ముడి కొడుకు ఫ్రాన్జ్ ఫెర్డినాండ్ వైపు మళ్లింది. అతను కోరుకున్న సోఫీ చోటెక్ పాత బొహీమియా కౌంట్ల ఇంటి అమ్మాయి, కానీ రాజవంశం కాదు. 1900 జూన్ 28న హోఫ్‌బర్గ్ కోటలో, పుట్టబోయే పిల్లలకు గద్దె మీద హక్కు లేదని అతని చేత ప్రమాణం చేయించి సంతకం తీసుకున్నారు. జులై 1న పెళ్లి. సరిగ్గా పద్నాలుగేళ్ల తర్వాత అదే జూన్ 28న సరయెవోలో ఇద్దరినీ కాల్చి చంపారు. ముగ్గురు పిల్లలున్నా వారసత్వం తమ్ముడి కొడుకు కార్ల్‌కు వెళ్లింది. వియన్నాలో కపుచిన్ చర్చి కింద వంశస్థుల సమాధుల గది ఉంది. భార్యకు అక్కడ చోటు దొరకదని ఫ్రాన్జ్ ఫెర్డినాండ్ ముందే తన ఆర్ట్‌స్టెట్టెన్ కోటలో వేరే సమాధి గది కట్టించుకున్నాడు. ఇద్దరూ అక్కడే పక్కపక్కన ఉన్నారు.